స్క్రీన్ రీడర్‌తో మా యూనివర్సిటీ వెబ్‌సైట్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

యూనివర్సిటీ పేరు రాయడం లేదు. ఇందులో చెప్పే లోపాలు చాలా యూనివర్సిటీ సైట్లలో ఉన్నవే, ఒక్కరినే బోనులో నిలబెట్టడం నాకిష్టం లేదు. మాది కందుకూరు. నాకు పుట్టుకతోనే చూపు లేదు. ఆ యూనివర్సిటీలో దూరవిద్యలో ఎం.ఏ. చేశాను, ఇప్పుడు లైబ్రరీ సైన్స్ చదువుతున్నాను. మధ్యలో వాళ్లు సైట్ మొత్తం మార్చారు. కాబట్టి పాతదీ కొత్తదీ రెండూ నాకు తెలుసు.

వాడేది మామూలు విండోస్ ల్యాప్‌టాప్, అందులో ఎన్‌వీడీఏ. తెర మీద ఉన్నదాన్ని గొంతుతో చదివే ఈ స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్ ఉచితం. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ దీన్ని మొదలుపెట్టారు, తర్వాత జేమ్స్ టే తోడయ్యారు. ఇద్దరికీ చూపు లేదు. జాస్ అని ఇంకోటి ఉంది గానీ దాని ధర మా బోటివాళ్లకు అందదు. తెలుగుకు ఈస్పీక్ గొంతు పెట్టుకున్నాను. రోబో మాట్లాడినట్టే ఉంటుంది, కొత్తగా విన్నవాళ్లు నవ్వుతారు. కానీ ఎంత స్పీడు పెంచినా మాట తడబడదు. ఫోన్లో ఇదే పని చేసే టాక్‌బ్యాక్.

చూపున్నవాళ్లు పేజీ తెరవగానే కళ్లతో ఒకసారి అటూ ఇటూ వెతికి కావలసిన చోట ఆగుతారు. మేము కీబోర్డుతో దూకుతాం. హెచ్ నొక్కితే తర్వాతి శీర్షిక, కె నొక్కితే తర్వాతి లింకు, టి నొక్కితే పట్టిక, ఎఫ్ నొక్కితే ఫారంలో తర్వాతి గడి. ఇన్సర్ట్, ఎఫ్7 కలిపి నొక్కితే పేజీలోని లింకులన్నీ ఒక జాబితాగా వస్తాయి. ఇదంతా పనిచెయ్యాలంటే పేజీ తయారుచేసినవాళ్లు శీర్షికను శీర్షికగా, పట్టికను పట్టికగా కోడ్‌లో రాసి ఉండాలి. అక్షరాలు లావు చేసి రంగు పూసి వదిలేస్తే అది కంటికే శీర్షిక, నాకు కాదు.

పాత సైట్‌లో హెచ్ నొక్కితే "తర్వాత శీర్షిక లేదు" అనే మాట ఒక్కటే వచ్చేది. లింకుల జాబితా తెరిస్తే "క్లిక్ హియర్, క్లిక్ హియర్, న్యూ, క్లిక్ హియర్". ఏది ఫీజు నోటీసో ఏది టెండరో తెలియదు. పైన పరుగెత్తే వార్తల పట్టీ ఒకటి. పరీక్ష దరఖాస్తు తెరిస్తే గడి గడికీ "ఎడిట్, ఎడిట్, ఎడిట్" అని తప్ప అది పేరా, తండ్రి పేరా, హాల్ టికెట్ నంబరా చెప్పేది కాదు. పుట్టిన తేదీ టైప్ చెయ్యనిచ్చేది కాదు, క్యాలెండర్లో మౌస్‌తో పట్టుకోవాలి. ఇవన్నీ దాటినా చివర్లో క్యాప్చా, అంటే చూసి అక్షరాలు టైప్ చెయ్యమనే బొమ్మ ఉండేది, వినే వీలు లేకుండా. ఈలోపు టైమైపోయి లాగౌట్.

అందుకని పామూరు రోడ్డులో నెట్ సెంటర్‌కు పోయేదాన్ని. ఆ అన్న మంచివాడు, డబ్బులు కూడా తక్కువే తీసుకునేవాడు. కానీ పాస్‌వర్డ్ ఆయనకు చెప్పాలి, ఓటీపీ చెప్పాలి, సదరం సర్టిఫికెట్ ఆయన కంప్యూటర్లో పెట్టాలి. "ఎకనామిక్స్‌లో తక్కువొచ్చినాయి కదమ్మా" అని పక్కన జెరాక్స్ కోసం నిలబడినవాళ్లందరి ముందూ చెప్పేవాడు. నా మార్కులు నాకంటే ముందు ఆయనకు తెలిసేవి. ర్యాంప్ లేని ఆఫీసు గురించి అందరూ మాట్లాడతారు, అది న్యాయమే. ఈ రహస్యం పోవడం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

కొత్త సైట్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఫలితాల పేజీ. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. మార్కుల పట్టికలో నిలువు వరుసలకూ అడ్డ వరుసలకూ వాటి పేరు చెప్పే తలకట్టు గడులు సరిగ్గా పెట్టారు. కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని కుడి బాణం నొక్కుతుంటే "ఇంటర్నల్ 24, ఎక్స్‌టర్నల్ 51, మొత్తం 75" అని వరుసగా చెప్తుంది. కింది బాణం నొక్కితే ముందు సబ్జెక్టు పేరు, తర్వాత మార్కు. పాత సైట్‌లో అదే పట్టిక ఉత్త అంకెల కుప్ప. 24 దేనిదో, 51 దేనిదో వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి, ఒక గడి ఖాళీగా ఉందంటే లెక్క మొత్తం తప్పేది. కోడ్‌లో మారింది చాలా చిన్న విషయం, మామూలు గడికి బదులు తలకట్టు గడి అని రాయడమే. ఖర్చు లేదు, కంటికి తేడా కూడా తెలియదు. ఇప్పుడు నా ఫలితం నా గదిలో, చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ముందు నేనే వింటున్నాను. అమ్మకు ఎప్పుడు చెప్పాలో నేనే నిర్ణయించుకుంటున్నాను.

పరీక్ష దరఖాస్తు కూడా చాలా మెరుగు. గడి మీదికి వెళ్లగానే దాని పేరు, తప్పనిసరో కాదో చెప్తుంది. తేదీ టైప్ చెయ్యొచ్చు. ఫొటో సైజు ఎక్కువైతే ఇదివరకు గడి చుట్టూ ఎర్ర గీత వచ్చేదట, అంతే. ఇప్పుడు సబ్మిట్ నొక్కగానే తప్పున్న గడి దగ్గరికే తీసుకుపోయి, ఫొటో ఎంత లోపు ఉండాలో మాటల్లో చెప్తుంది. క్యాప్చా తీసేసి ఫోన్‌కు ఓటీపీ పెట్టారు. ఒక పక్క ల్యాప్‌టాప్, ఒక పక్క ఫోన్ రెండూ మాట్లాడుతుంటే కొంచెం టెన్షనే, అయినా పని జరుగుతుంది. తెలుగు పేజీలకు ఇది తెలుగు అని కోడ్‌లో గుర్తు పెట్టారు కాబట్టి గొంతు తనంతట తానే తెలుగుకు మారుతుంది. అది లేని సైట్లలో ఇంగ్లీషు గొంతు తెలుగు అక్షరాలను మింగేస్తుంది.

చిన్న చిన్న లోపాలు ఉన్నాయి. సంతకం బొమ్మ అడిగే చోట వేలిముద్ర అనే మాటే లేదు. మాలో వేలిముద్ర వేసేవాళ్లు చాలామంది. నేను ఎడమ బొటనవేలి ముద్ర ఫొటో పెడితే తీసుకుంది గానీ, తీసుకుంటుందని ఎక్కడా రాయలేదు. 2022లో జిల్లాలు మారినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకు పోయింది కదా, సైట్ జాబితాలో మాత్రం చాన్నాళ్లు మేము ప్రకాశంలోనే ఉన్నాం. అది చూపున్నవాళ్లకూ ఉన్న బాధే లెండి.

ఇక పేజీ మూలన ఒక బొమ్మ బటన్ పెట్టారు. నొక్కితే అక్షరాలు పెద్దవి చెయ్యి, రంగులు మార్చు, చదివి వినిపించు అంటుంది. ప్రారంభోత్సవంలో దీని గురించే ఎక్కువ చెప్పారని విన్నాను. నాకు దాంతో పని లేదు. చదివి వినిపించేది నా దగ్గర ముందే ఉంది, లేకపోతే ఆ బటన్ దాకా నేను ఎట్లా వస్తాను? పైగా అది తెరిచినప్పుడల్లా నా కీలు కొన్ని పనిచెయ్యవు. చూపు తక్కువున్న మా పిన్ని కూతురు కూడా కంట్రోల్, ప్లస్ నొక్కి బ్రౌజర్లోనే పెద్దది చేసుకుంటుంది. ఆమెకు అసలు ఇబ్బంది తెల్లటి పేజీ మీద లేత బూడిద రంగు అక్షరాలతో. మామూలు అక్షరాలకు, వెనకాల రంగుకు మధ్య వెలుగు తేడా కనీసం 4.5కు 1 ఉండాలని, వెబ్‌సైట్లు అందరికీ అందేలా పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం ఏఏ స్థాయిలో చెప్తుంది. ఆ రంగు ఒక్కటి ముదురు చేస్తే ఆమెకు ఏ బటనూ అక్కర్లేదు. సైట్ మీద బటన్‌లా అతికించే ఇలాంటి సాఫ్ట్‌వేర్ పెడితే చాలు, సైట్ మొత్తం ప్రమాణాలకు సరిపోతుందని ప్రచారం చేసుకున్నందుకు అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో యాక్సెసిబీ అనే కంపెనీతో 10 లక్షల డాలర్లు కట్టించింది. మన దగ్గర టెండర్లు రాసేవాళ్లు ఈ సంగతి తెలుసుకుంటే మంచిది.

అన్నిటికంటే పెద్ద లోపం నోటీసులు. సైట్ ఎంత బాగా కట్టినా రోజూ అందులో పడేవి నోటీసులే. అవి ఎట్లా తయారవుతాయో ఆఫీసులో పనిచేసే ఒకరిని అడిగి తెలుసుకున్నాను. ముందు తెలుగులో అను ఫాంట్‌లో టైప్ చేస్తారు. ప్రింటు తీస్తారు. సారు సంతకం, స్టాంపు. దాన్ని స్కాన్ చేసి, స్కానర్ ఖాళీ లేకపోతే ఫోన్‌తో ఫొటో తీసి, పీడీఎఫ్ చేసి ఎక్కిస్తారు. అందులో అక్షరం అనేది ఒక్కటీ ఉండదు, కాగితం ఫొటో ఉంటుంది. ఎన్‌వీడీఏ "ఖాళీ" అంటుంది.

స్కాన్ చెయ్యకుండా నేరుగా ఎక్కించినా అను ఫాంట్‌తో లాభం లేదు. అది యూనికోడ్ కాదు, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత స్థానం ఉండే పద్ధతి కాదు. ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చోబెట్టిన పాత పద్ధతి. కంటికి చక్కటి తెలుగు. స్క్రీన్ రీడర్‌కు మాత్రం డాలరు, కామా, క్యూ, బ్రాకెట్, వై. అదే ముక్క యూనికోడ్‌లో ఉంటే గౌతమి అయినా మరే ఫాంట్ అయినా సరే, గడగడా చదువుతుంది. గూగుల్‌లో వెతికితే కూడా దొరుకుతుంది. ఈ రెండో లాభం చూపున్న విద్యార్థులందరిదీ.

నేను పడే పాట్లు చెప్తాను. పీడీఎఫ్‌ను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరిస్తే బొమ్మలోని అక్షరాలను చాలావరకు పట్టుకుంటుంది. మామూలు పేరాలైతే పర్వాలేదు. టైమ్ టేబుల్ వచ్చిందంటే పట్టిక చెదిరిపోయి తేదీలన్నీ ఒకచోట, సబ్జెక్టులన్నీ ఇంకోచోట పడతాయి. స్టాంపు పడిన చోట అంకె ఏదొస్తుందో చెప్పలేం. గడువు తేదీ మీదే స్టాంపు వేస్తారేమోనని నా అనుమానం. ఒకసారి పరీక్ష వాయిదా నోటీసు ఇట్లాగే ఫొటోగా వచ్చింది. లింకుకు "ఇంపార్టెంట్ నోటిఫికేషన్" అని తప్ప పేరు లేదు. నేను ఒంగోలు బస్సులో సింగరాయకొండ దాటాక తోటి విద్యార్థిని ఫోన్ చేసి చెప్పింది.

స్క్రైబ్, అంటే మేము చెప్తుంటే పరీక్ష రాసిపెట్టే మనిషి, సంగతి కూడా ఇంతే. దరఖాస్తులో "స్క్రైబ్ కావాలి" అనే గడి కొత్తగా పెట్టారు, సంతోషం. టిక్ పెట్టగానే ఒక ఫారం డౌన్‌లోడ్ అవుతుంది. అదీ స్కానే. ప్రింటు తీసి, చేత్తో నింపి, స్టడీ సెంటర్లో ఇవ్వాలట. చేత్తో రాయలేనివాళ్ల కోసం పెట్టిన ఫారం చేత్తో నింపాలి! గంటకు కనీసం 20 నిమిషాలు అదనపు సమయం ఇవ్వాలని 2018 కేంద్ర మార్గదర్శకాల్లో ఉంది. ఆ మాట ఫారంలో ఉందో లేదో కూడా తమ్ముడు చదివితేనే తెలిసింది. ఉంది.

మిగతావాళ్ల అనుభవం క్లుప్తంగా. వినికిడి లేని ఒక స్నేహితుడు వీడియో పాఠాల కింద వచ్చే తెలుగు అక్షరాలు యంత్రం రాసినవేనని, సగం అర్థం కావని అంటాడు. మౌస్ పట్టలేని ఇంకో అబ్బాయి ట్యాబ్ కీతో తిరుగుతాడు, ఎక్కడున్నాడో చూపించే గీత కొన్ని పేజీల్లో మాయమవుతుందట.

సైట్ కట్టిన కంపెనీ కుర్రాడి గురించి మంచి మాట చెప్పాలి. పాత దరఖాస్తు మీద నేను పంపిన మెయిల్ చూసి ఫోన్ చేశాడు. "మేడం, మీకు ఏం వినిపిస్తుందో ఒకసారి నాకూ వినిపిస్తారా?" అన్నాడు. ఫోన్ ల్యాప్‌టాప్ దగ్గర పెట్టి గడులన్నీ తిప్పాను. "ఎడిట్, ఎడిట్" విని కాసేపు మాట్లాడలేదు. కొత్త ఫారం అంత బాగా రావడం ఆ ఫోన్ తర్వాతే. తర్వాత తనే ఎన్‌వీడీఏ వేసుకుని, మానిటర్ ఆపేసి నింపి చూశానని చెప్పాడు.

ఆఫీసు వైపు ఇంత సులువుగా తెమల్లేదు. సూపరింటెండెంట్ గారు నాతో మర్యాదగానే మాట్లాడారు. "సంతకం, స్టాంపు లేకుంటే నోటీసుకు విలువేముందమ్మా?" అన్నారు. సంతకం ఉన్న స్కాన్ పెట్టండి సార్, దాని కిందే అదే విషయం యూనికోడ్‌లో కూడా పెట్టండి అన్నాను. ఒప్పుకున్నారు. కొన్నాళ్లు బ్రహ్మాండంగా నడిచింది. ఆయన బదిలీ అయ్యారు, అది ఆగిపోయింది. నా ఫిర్యాదు మొత్తం ఇక్కడే ఉంది. కోడ్ ఒకసారి బాగుచేస్తే చాలాకాలం ఉంటుంది. నోటీసు ఎక్కించే సీటులో ఎవరు కూర్చున్నా చెయ్యాల్సిన పనిగా రాసిపెట్టకపోతే, సైట్ రోజుకో నోటీసు చొప్పున మళ్లీ మూసుకుపోతుంది.

దయ తలచి చేసే పని కాదిది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ ఎలక్ట్రానిక్ సమాచారం అందుబాటు రూపంలో ఉండాలంటుంది. 2024 నవంబర్ 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలు సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరి నిబంధనలు చెయ్యండని కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది. 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పులో డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమంది.

మార్కులు వెయ్యమంటే ఫలితాలకు ఐదుకు ఐదు, దరఖాస్తుకు నాలుగు, నోటీసులకు ఒకటి. ఆ ఒకటి కూడా కొన్నిటికి ఇంగ్లీషులో టైప్ చేసిన పీడీఎఫ్ పెడుతున్నందుకు. స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు ఇలాంటి సైట్ ఉన్న యూనివర్సిటీలో చేరొచ్చా అంటే చేరొచ్చు, నోటీసులు చదివి చెప్పే స్నేహితురాలు ఒకరు ఉంటే.

ఫిర్యాదు రాసేటప్పుడు "మీ సైట్ మాకు పనికిరావడం లేదు" అని రాస్తే ఏమీ కదలదు. పేజీ చిరునామా, బ్రౌజర్ పేరు, స్క్రీన్ రీడర్ పేరు, ఏ కీ నొక్కితే ఏం వినిపించింది, ఏం వినిపించాల్సింది, ఇవి రాయండి. ఒక మెయిల్‌కు ఒక్క లోపమే. నా మెయిళ్లలో కదలిక వచ్చినవన్నీ ఇట్లా రాసినవే. స్క్రైబ్ ఫారం గురించి పంపినదానికి ఇంకా జవాబు లేదు. ఈ సెమిస్టర్ ఫీజు గడువులోపు రాకపోతే, తర్వాతి మెయిల్ కాపీ రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు కూడా పెడతాను.