హాలీవుడ్ రోడ్డులో "కాంగ్షీ" జాడీ కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

18,000 హాంకాంగ్ డాలర్లు పోయాయి. హాంకాంగ్‌లోని హాలీవుడ్ రోడ్డు పాతవస్తువుల దుకాణాలు మీకు తెలిసినవే. అక్కడ ఒకదానిలో పోయిన శనివారం మూతతో సహా ఒక పింగాణీ అల్లం జాడీ కొన్నాను. పగిలిన మంచులాంటి నీలి నేల మీద తెల్లని ప్లమ్ పూలు. చైనా చక్రవర్తి కాంగ్షీ కాలం (1662–1722) నాటిదన్నాడు దుకాణదారుడు, నమ్మాను. చిన్నప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా పింగాణీ ముందు నుంచి నన్ను కదిలించడం మా నాన్నగారి వల్ల అయ్యేది కాదు. ఆ ఇష్టమే నా కళ్లు కప్పింది.

సోమవారం మా ఆఫీసులో పనిచేసే పెద్దాయన ఇంటికి వచ్చి చూశారు. ఆయనది చైనాలో పింగాణీకి పేరుపడ్డ జింగ్‌డెజెన్ ఊరు. భూతద్దం తీయనే లేదు. జాడీని మెల్లగా తిప్పుతూ ఒక మొగ్గ దగ్గర ఆగారు. దాని కొసన నీలం కాస్త చెరిగి ఉంది. ఇంకొంచెం తిప్పారు. అదే మొగ్గ, అదే చెరుపు. మరికొంచెం తిప్పితే మూడోసారీ అదే. చేత్తో గీసినవాడు ఒకే పొరపాటును మూడు చోట్ల అచ్చంగా చేయలేడు. ముద్రించిన కాగితంతో బొమ్మ దించి, పైన గాజుపూత పోసి కాల్చిన సరుకు అది. కాంగ్షీ నాటి పనివాళ్లు పువ్వుకు తెల్లరంగు వేయరు. చుట్టూ నీలం పూసి, పువ్వును పింగాణీ తెలుపుకే వదిలేస్తారు. ఆ నీలంలో పలచన, చిక్కన కనిపిస్తాయి, కుంచె ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. నా జాడీ మీద నీలం గోడకు వేసిన రంగులా అంతటా ఒక్కటే.

అదే సాయంత్రం తిరిగి వెళ్లాను. దుకాణదారుడు జాడీని ముట్టుకోలేదు. నా రసీదు అడిగి తీసుకుని ఒక చైనా అక్షరం మీద వేలు పెట్టాడు. "ఫోంగ్" అని చదివాడు. అనుకరణ అని అర్థం. "రాసే ఇచ్చాను. మీకు చదవడం రాకపోతే నేను ఏమి చేయాలి?" అన్నాడు, అక్కడున్న మరో ఇద్దరు కొనుగోలుదారులకు వినబడేలా. శనివారం ఇదే మనిషి నాకు టీ పోశాడు, మా అమ్మాయికి మిఠాయి ఇచ్చాడు, ఈ జాడీ తన తాతగారి ఇంట్లో ఉండేదన్నాడు. ఆ తాతగారి మాట రసీదులో ఎక్కడా లేదు.

నా తప్పూ ఉంది. అడుగున రెండు నీలి వలయాల మధ్య నాలుగక్షరాల కాంగ్షీ ముద్ర చూసి మురిసిపోయాను. 1677లో జింగ్‌డెజెన్ అధికారి పింగాణీ మీద చక్రవర్తి పేరు రాయవద్దని ఆజ్ఞ ఇచ్చాడని, అందుకే ఆ కాలపు మంచి పాత్రలు ఎన్నింటికో అడుగున ఖాళీ వలయాలో, ఆకు గుర్తో మాత్రమే ఉంటాయని నేను చదివినవాణ్నే. ఈ నాలుగక్షరాల ముద్రను పంతొమ్మిదో శతాబ్దం చివర ఇలాంటి జాడీల మీద విరివిగా వేశారనీ తెలుసు. తీరా అవసరమైన చోట ఒక్కటీ గుర్తుకు రాలేదు.

కొనే ముందు జాడీని పూర్తిగా ఒక చుట్టు తిప్పి చూడండి. ఏ కాలానిదో మీకు చదవడం వచ్చిన భాషలో రసీదు మీద రాయించుకోండి. రాయనంటే అక్కడే దించి వచ్చేయండి. నేను రేపు ఉదయం వినియోగదారుల మండలిలో ఫిర్యాదు ఇస్తున్నాను.