లాగ్ మాక్రోలో తప్పుడు వార్నింగ్‌లు: ప్రాగ్మానా, పీఆర్ఐయూ32నా, ఏది మేలు?

ఒంగోలు, కావలి వైపు సీ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న పిల్లలు ఈ మధ్య ఇదే అడుగుతున్నారు. "అన్నా, లాగ్ రాసే మాక్రోలో యూఇంట్32 అంకెని ప్రింట్ చేయడానికి పర్సెంట్-యూ పెడితే ల్యాప్‌టాప్‌లో ఏ గొడవా లేదు, బోర్డుకి బిల్డ్ చేస్తే మాత్రం స్క్రీన్ నిండా వార్నింగ్‌లే, ఏం చేసేది?"

యూఇంట్32 అంటే మైనస్ లేని 32 బిట్ల పూర్ణాంకం. లినక్స్ ల్యాప్‌టాప్‌లో అది అన్‌సైన్డ్ ఇంట్, పర్సెంట్-యూ ఆశించేదీ అదే. ఆర్మ్ బోర్డులకు వాడే జీసీసీ కంపైలర్, న్యూలిబ్ అనే సీ లైబ్రరీ జతలో అదే అన్‌సైన్డ్ లాంగ్. బోర్డు మీద రెండూ 4 బైట్లే కాబట్టి అంకె సరిగ్గానే వస్తుంది, అయినా మాక్రోని పిలిచిన ప్రతిచోటా వార్నింగ్. పోనీ అన్‌సైన్డ్ లాంగ్‌కి వాడే పర్సెంట్-ఎల్‌యూ అని మారిస్తే ఈసారి ల్యాప్‌టాప్ అరుస్తుంది. అక్కడ లాంగ్ 8 బైట్లు, కాబట్టి ఆ అరుపు నిజమైనదే.

బిల్డ్ సూచనలు రాసే మేక్‌ఫైల్‌లో, ఇలాంటి ఫార్మాట్ వార్నింగ్‌లన్నిటినీ ఆపే నో-ఫార్మాట్ పెట్టేయడం గురించి చెప్పేదేం లేదు, వద్దు.

మాక్రో లోపల ప్రాగ్మా, అంటే కంపైలర్‌కి ఇచ్చే సూచన, పెట్టి ఫార్మాట్ వార్నింగ్‌ని ఆపడం చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, ఒక్కచోట రాస్తే చాలు. విడవలూరు దగ్గర రొయ్యల గుంటల్లో ఆక్సిజన్ చూసే బోర్డుకి నేనూ అదే చేశాను. తర్వాత ఒకరోజు, ఆక్సిజన్ విలువ డబుల్ (దశాంశ సంఖ్య) అయితే దానికి పూర్ణాంకాలకి వాడే పర్సెంట్-డీ రాశాను, కంపైలర్ నోరు నేనే కట్టేశాను గనక అది ఒక్క మాట అనలేదు. తెల్లవారుజామున, గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళకి లాగ్‌లో పిచ్చి అంకెలు. ఏరేటర్లు ఇంకా తిప్పాలా అని రైతు ఫోన్ చేస్తే నా దగ్గర జవాబు లేదు. తప్పుడు వార్నింగ్, నిజం వార్నింగ్ రెండూ ఒకే పేరుతో వస్తాయి, ఒకదాన్ని ఆపితే రెండోదీ ఆగిపోతుంది. నాకు తేల్చేసిన విషయం ఇదే.

అందుకే పీఆర్ఐయూ32, పర్సెంట్ తర్వాత అక్షరం బదులు రాసే రెడీమేడ్ మాక్రో. సీ99 నుంచీ ఇంట్‌టైప్స్ హెడర్‌లో ఉంది, ఏ టైపుకి ఏ అక్షరమో ఆ ప్లాట్‌ఫారానికి తగ్గట్టు అదే ఎంచుకుంటుంది. కొటేషన్లు మధ్యలో తెంచి రాయాలి, చదవడానికి బాగోదు, ఒప్పుకుంటాను. కానీ కంపైలర్ చూడటం మానదు. ఒకటి రెండు చోట్లే అయితే విలువని అన్‌సైన్డ్ లాంగ్‌కి కాస్ట్ చేసి (టైపు మార్చి) పర్సెంట్-ఎల్‌యూ వాడినా సరిపోతుంది.

మాక్రో తీసేసి ఫంక్షన్ రాస్తే వార్నింగ్‌లన్నీ పోయాయని ఒకబ్బాయి సంతోషంగా చెప్పాడు. దానికి ఫార్మాట్ ఆట్రిబ్యూట్, అంటే ఈ ఫంక్షన్‌లోనూ ఫార్మాట్ సరిచూడమని కంపైలర్‌కి చెప్పే గుర్తు, పెట్టావా అని అడిగితే లేదన్నాడు. పెట్టి మళ్లీ బిల్డ్ చేస్తే పాతవన్నీ తిరిగొచ్చాయి, వాటిలో రెండు నిజమైన తప్పులే.