బీ-52స్ వాళ్ళ కాస్మిక్ థింగ్: పార్టీ పాటలనుకుని పెట్టా, మూడో పాట దగ్గర ఆగిపోయా

ముందే ఒప్పేసుకుంటా, నేను ఈ ఆల్బమ్ కొన్నది ఒక్క లవ్ ష్యాక్ కోసం. ఆ పాట ఎక్కడో అక్కడ వినే ఉంటారు, ఎవరో ఒకాయన పాడకుండా గట్టిగా మాట్లాడేస్తుంటే ఇద్దరు ఆడవాళ్ళు గొంతు చించుకుని మధ్యలో దూరిపోతుంటారు, వెనకాల జనం గోల, ఆ పాటే. చాలామందిలాగే నేను కూడా ఈ బీ-52స్ బ్యాండ్ వాళ్ళని ఎత్తైన విగ్గులు పెట్టుకుని జోకులేసే బ్యాచ్ అని, ఒక్క హిట్టుతో సరిపెట్టుకున్నారని అనుకునేవాణ్ణి. ఆల్బమ్ మొత్తం పది పాటలు, ముప్పావు గంట పైన ఉంటుంది. నాలుగోదైన లవ్ ష్యాక్ వింటే చాలు మిగతావి ఎప్పుడైనా చూద్దాంలే అనుకుని పెట్టా. వరసగా వింటూ వస్తే మూడో పాట దగ్గర చేతిలో పని ఆగిపోయింది. దాని సంగతి తర్వాత చెప్తా, ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి, లేకపోతే ఈ ఆల్బమ్ ఎందుకు ఇలా ఉందో అర్థం కాదు.

అమెరికాలో జార్జియా రాష్ట్రంలో ఏథెన్స్ అని యూనివర్సిటీ ఊరు, అక్కడ 1976లో ఐదుగురు కలిశారు. ఫ్రెడ్ ష్నైడర్, కేట్ పియర్సన్, సిండీ విల్సన్, సిండీ వాళ్ళ అన్నయ్య రికీ విల్సన్, రికీకి స్కూలు రోజుల నుంచి దోస్తు అయిన కీత్ స్ట్రిక్‌లండ్. మొదటి షో 1977 వాలెంటైన్స్ డే రోజు ఊళ్ళో ఒక ఇంట్లో పార్టీకి. పేరు బాంబర్ విమానాన్ని బట్టి వచ్చిందే కానీ యుద్ధంతో సంబంధం ఏం లేదు, అప్పట్లో ఆడవాళ్ళు తేనెతుట్టెలా పైకి దువ్వుకునే జుట్టుని ఆ విమానం ముక్కుతో పోల్చి బీ-52 అనేవాళ్ళు, అది పట్టుకున్నారు. మొదట్లో బ్యాండ్‌లో బాస్ గిటార్ వాయించేవాళ్ళే లేరు, కేట్ కీబోర్డ్ మీదే బాస్ లాగించేసేది. రికీ అయితే గిటార్‌కి ఉండే ఆరు తీగల్లో మధ్యవి పీకేసి, మిగిలినవాటిని తనకి నచ్చినట్టు శ్రుతి చేసుకుని వాయించేవాడు. అందుకే 1979లో వచ్చిన మొదటి ఆల్బమ్ వింటే ఆ గిటార్ ఎక్కడో వంకరగా, పంటి కింద రాయిలా తగులుతూ ఉంటుంది, కానీ కాళ్ళు ఆగవు. ఆ బ్యాండ్ వింతగా ఉండటానికి విగ్గుల కన్నా ఆ గిటారే ఎక్కువ కారణం అని నా నమ్మకం.

1985 అక్టోబర్‌లో రికీ చనిపోయాడు. ఎయిడ్స్. వయసు 32. జబ్బు సంగతి బ్యాండ్‌లో కీత్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు, సొంత చెల్లెలికి కూడా. అప్పటికే రికార్డ్ చేసిన ఆల్బమ్ 1986లో బయటికొచ్చింది కానీ దాన్ని పట్టుకుని టూర్‌కి వెళ్ళే ఓపిక ఎవరికీ లేదు, ఎవరి దారిన వాళ్ళు పోయారు. బయట జనం ఇంక వీళ్ళ పని అయిపోయిందనుకున్నారు, అనుకోకపోతేనే ఆశ్చర్యం.

తర్వాత ఏం జరిగిందంటే, డ్రమ్స్ వాయించే కీత్ గిటార్ అందుకున్నాడు. ట్యూన్లు తనే కట్టుకుని, మిగతా ముగ్గుర్నీ కూర్చోబెట్టి వాటి మీద నోటికి ఏదొస్తే అది పాడమన్నాడు. వీళ్ళ పద్ధతి ఎప్పుడూ అదేనట, గంటల తరబడి ముగ్గురూ ఒకరి మీద ఒకరు పడి పాడేస్తారు, టేపులు తిరిగి విని అందులో బాగున్న ముక్కలు ఏరి అతికిస్తారు. అలా తయారైంది కాస్మిక్ థింగ్, 1989 జూన్‌లో వచ్చింది. ప్రొడ్యూసర్లు ఇద్దరు, ఒకరు షీక్ అనే డిస్కో బ్యాండ్‌కి చెందిన నైల్ రాడ్జర్స్, డేవిడ్ బోవీకీ మడోన్నాకీ పెద్ద హిట్లు ఇచ్చినాయన, ఇంకొకరు డాన్ వాస్. బాస్‌కి సారా లీ, డ్రమ్స్‌కి చార్లీ డ్రేటన్ వచ్చారు. అంటే మొదటిసారి వీళ్ళ వెనకాల బరువైన, నిలకడైన రిథమ్ నిలబడిందన్నమాట.

ఇక్కడే నాకు అసలు విషయం అర్థమైంది. కీత్ గిటార్ రికీ గిటార్‌లా ఉండదు. నున్నగా, గుండ్రంగా, తీపిగా ఉంటుంది. పాత రికార్డుల్లో ఉన్న ఆ వంకర, గిటార్‌లోంచి పోయింది. పోయిన వంకర ఎక్కడికి వెళ్ళిందీ అంటే ముగ్గురి నోళ్ళలోకి వెళ్ళింది! కేట్, సిండీ కలిసి పాడేటప్పుడు ఎవరిది మెయిన్ ఎవరిది తోడు అనేది చెప్పలేం, మామూలు పాప్‌లో గొంతులు ఎక్కడ కలుస్తాయని అనుకుంటామో అక్కడ కలవవు, కొంచెం పక్కకి జరిగి కలుస్తాయి, ఒక్క సెకను ఇదేంటి ఇలా ఉంది అనిపించి వెంటనే ఆహా అనిపిస్తుంది. ఫ్రెడ్ సరేసరి, ఆయనకి రాగం అక్కర్లేదు, జాతరలో మైకు పట్టుకున్నవాడిలా ప్రతి మాటనీ ప్రకటించేస్తాడు. కింద సంగీతం తిన్నగా పోతుంటే పైన ఈ ముగ్గురూ వంకరగా పోతుంటారు. రేడియో వాళ్ళకి కావలసిన నునుపు కింద దొరికింది, పాత అభిమానికి కావలసిన పిచ్చి పైన మిగిలింది. పెద్ద హిట్ ఎందుకయ్యిందీ అంటే నాకు తోచిన కారణం ఇదే, మార్కెటింగ్ వాళ్ళు ఏమైనా చెప్పుకోనీండి.

సరే ఆ మూడో పాట. డెడ్‌బీట్ క్లబ్. మన భాషలో చెప్పాలంటే బేవార్స్ బ్యాచ్. ఏథెన్స్‌లో వీళ్ళు కుర్రాళ్ళుగా పనీపాటా లేకుండా తిరిగిన రోజుల మీద పాట. కాఫీ తాగి ఆగకుండా వాగడం, చవక బీరు కోసం పోవడం, వానలో చిరిగిన దుప్పట్లు చుట్టుకుని తోటలో గెంతడం, అంతే, కథేం లేదు. ఎవరు చనిపోయారో చెప్పరు, పేరు ఎత్తరు, ఏడవరు. కానీ ఆ దుప్పట్లు చుట్టుకుని గెంతిన బ్యాచ్‌లో ఒకడు ఇప్పుడు లేడని తెలిసి వింటే, ఆ గొంతుల్లో ఒకటి సొంత చెల్లెలిది అని గుర్తొస్తే, పాట మొత్తం వేరేలా వినిపిస్తుంది. ఫ్రెడ్ కూడా ఇందులో దాదాపు తగ్గి ఉంటాడు, గోల లేదు. విడిగా సింగిల్‌గా వేస్తే అమెరికా చార్టులో 30 దాకా వెళ్ళి ఆగిపోయింది, పెద్ద లెక్క కాదు, కానీ నన్నడిగితే ఆల్బమ్‌కి గుండెకాయ ఇదే. అదే ఊరివాడైన, ఆర్.ఇ.ఎమ్. బ్యాండ్ సింగర్ మైకేల్ స్టైప్ వీడియోలో కాసేపు కనిపిస్తాడు, వెతుక్కోండి.

దాని వెనకాలే లవ్ ష్యాక్. ఆ వరస పెట్టినవాళ్ళకి దండం. దిగులుగా ఉన్న పాట అయిపోయిన మరుక్షణం పార్టీ తలుపు తెరుచుకుంటుంది. ఐదు నిమిషాల పైన ఉండే పాట ఇది, మామూలు పాప్ పాటలా ఉండదు, ఒక ముక్క అయిపోయి ఇంకో ముక్క, మధ్యలో కారు సంగతి, తర్వాత తలుపు బాదుడు, ఏదో ఊరేగింపులా పోతూనే ఉంటుంది. ఏథెన్స్ ఊరి బయట రేకుల కప్పు ఉన్న ఒక చిన్న ఇల్లు ఉండేదట, కేట్ అందులోనే ఉండేది, ఆ ఇల్లే పాటకి మూలం. చివర్లో సంగీతం టక్కున ఆగిపోయి సిండీ ఒక్కతే రేకుల కప్పు తుప్పు పట్టిందని అరిచే ముక్క ఉంది చూడండి, అది రాసుకుని పాడింది కాదు, నోటికొచ్చింది పాడుతూ జామ్ చేస్తుంటే సంగీతం టేపు ఆగిపోయింది, ఆమె చూసుకోకుండా పాడేసింది, అలాగే ఉంచేశారు. దానికి ఏవేవో అర్థాలు తీసి, గర్భం వచ్చిందని చెప్పడానికి అదొక సంకేతం అని కూడా జనం ప్రచారం చేశారు, ఆమె మాత్రం నేను చెప్పింది రేకుల కప్పు గురించే బాబూ అంది. నాకైతే ఆ అరుపు విన్నప్పుడల్లా చెవుల తుప్పు వదిలిపోద్ది. వీడియోలో డ్యాన్స్ చేసే గుంపులో ఆడవేషంలో షోలు చేసే రుపాల్ కూడా ఉన్నాడు, అప్పటికి ఇంకా పెద్ద పేరు రాలేదు.

తమాషా ఏంటంటే మొదటి సింగిల్ ఇది కాదు, చానల్ జెడ్ అనే పొలిటికల్ పాట. అది కాలేజీ రేడియోల్లో బాగా ఆడింది, తర్వాత లవ్ ష్యాక్ వేస్తే మెల్లగా పాకి పాకి 1989 చివరికి అమెరికాలో 3వ స్థానం, ఆస్ట్రేలియాలో 1, 1990లో బ్రిటన్‌లో 2. ఆ వెంటనే రోమ్ కూడా అమెరికాలో 3. ఆల్బమ్ 4వ స్థానం దాకా వెళ్ళి అమెరికాలోనే 40 లక్షల కాపీలు దాటింది. పదేళ్ళు క్లబ్బుల్లో, కాలేజీల్లో తిరిగిన బ్యాండ్‌కి, అదీ సగం ప్రాణం పోయాక!

రోమ్ గురించి రెండు మాటలు. ఇందులో ఫ్రెడ్ అసలు వినపడడు, కేట్, సిండీ ఇద్దరే. మాటలు రాసింది బ్యాండ్ మెంబర్ కాదు, వాళ్ళ పాత స్నేహితుడు రాబర్ట్ వాల్‌డ్రాప్. ప్రపంచమంతా తిరిగి రా, రెక్కలు అక్కర్లేదు, చక్రాలు అక్కర్లేదు అనే టైపు. పైకి టూరిజం ప్రకటనలా ఉంటుంది, నిజంగానే హాయిగా ఉంటుంది, చప్పట్లు కొట్టకుండా వినడం కష్టం. కానీ పోయినవాడికి వీడ్కోలు చెప్తున్నట్టుగా కూడా వినొచ్చు. ఇది నా ఊహ మాత్రమే, కాదంటే కాదు. ఆ చివర్లో ఇద్దరి గొంతులూ పైకి లేచే చోట హెడ్‌ఫోన్స్‌లో వినండి, ఎడమ కుడి తేడా తెలుస్తుంది.

ఇప్పుడు తిట్లు. లవ్ ష్యాక్ తర్వాతి పాటలు ముందు వాటంత గట్టిగా లేవు, ఇది దాచి లాభం లేదు. బుష్‌ఫైర్ సాగుతుంది, ఎక్కడికో వెళ్తుందని ఎదురు చూస్తే వెళ్ళదు. జూన్‌బగ్ వింటున్నంతసేపూ బాగుంటుంది, అయిపోగానే మర్చిపోతాం. టోపాజ్ అందంగానే ఉంది గానీ మరీ మెత్తన. చానల్ జెడ్‌లో ఓజోన్ పొర గురించి, అంతరిక్షంలో చెత్త గురించి చిరాకు పడతారు, ఆ చిరాకు నిజమే, మాటలు మాత్రం పేపర్లో హెడ్డింగులు చదివినట్టున్నాయి. ఇంకోటి, డ్రమ్స్ సౌండ్ మీద 1989 అని ముద్ర కొట్టేసినట్టు ఉంటుంది, ఆ మెరుపు అందరికీ పడదు. 1979 ఆల్బమ్ ఇవాళ వింటే ఏ సంవత్సరందో చెప్పలేం, ఇది మాత్రం మొదటి నిమిషంలోనే వయసు చెప్పేస్తుంది. డ్రై కౌంటీకి మాత్రం నా ఓటు, ఎండలో అరుగు మీద కూర్చుని ఏ పనీ చేయబుద్ధి కాని మధ్యాహ్నం లాంటి పాట, ఎవరూ పెద్దగా మాట్లాడరు దీని గురించి.

పాత అభిమానులు కొందరు ఇది డబ్బుకి అమ్ముడుపోయి చేసిన ఆల్బమ్ అంటారు. నాకు ఆ వాదన ఒంటబట్టదు. పోయినవాడి గిటార్‌ని కాపీ కొట్టి అదే సౌండ్ మళ్ళీ తెచ్చుంటే అది మోసం అయ్యేది, వీళ్ళు ఆ ఖాళీని ఖాళీగానే వదిలి పక్కన వేరే ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంట్లో కూడా అందరూ ఎక్కువ రోజులు లేరులెండి, 1990లో సిండీ బయటికి వెళ్ళింది, 1992లో వచ్చిన తర్వాతి ఆల్బమ్‌లో ఆమె లేదు, ఆ లోటు వింటే తెలుస్తుంది, ఎందుకంటే ఆ వంకర కలయికకి ఇద్దరూ కావాలి.

ఏది కొనాలి అంటే, 2019లో 30 ఏళ్ళ ఎడిషన్ వచ్చింది, రెండు సీడీలు, రీమిక్సులు, 1990 నాటి లైవ్ షో ఒకటి ఉంది. రీమిక్సులు ఒకసారి విని పక్కన పెట్టేయొచ్చు. లైవ్ మాత్రం వినదగ్గది. మామూలు ఎడిషన్ దొరికినా చాలు, ఆల్బమ్ ఆల్బమే. సింగిల్‌గా వేసిన పొట్టి లవ్ ష్యాక్ మాత్రం వద్దు, ఆ పాటని కత్తిరిస్తే పార్టీకి ఆలస్యంగా వెళ్ళి తొందరగా వచ్చేసినట్టుంటుంది. నా మార్కులు 5కి 4, పోయిన ఆ ఒక్కటీ బుష్‌ఫైర్ ఖాతాలో వేసుకోండి.

షఫుల్‌లో పెట్టకండి దయచేసి. ముందు డెడ్‌బీట్ క్లబ్ పెట్టండి, అది అయ్యేదాకా దేన్నీ ముట్టుకోకండి, లవ్ ష్యాక్ దానంతటదే వస్తుంది.