ఆక్‌లోకి షెల్ వేరియబుల్: కొటేషన్ల మధ్య ఇరికించాలా, మైనస్ వి ఆప్షన్‌తో పంపాలా?

షెల్‌లో (కమాండ్లు టైపు చేసి నడిపే చోటు) ఉన్న విలువను ఆక్ (awk, టెక్స్ట్‌ను వరుసలు, కాలమ్‌లుగా చదివి పనిచేసే సాధనం) ప్రోగ్రాములో వాడుకోవడానికి ఎక్కువమంది రెండు దారులు పడతారు. ఒంటి కొటేషన్‌ను మధ్యలో మూసి, షెల్ వేరియబుల్‌ను ఇరికించి, మళ్లీ తెరవడం ఒకటి. మైనస్ వి (-v) ఆప్షన్‌తో ఆ విలువను ఆక్ వేరియబుల్‌గా అందించడం రెండోది.

ఇరికించినప్పుడు విలువ ప్రోగ్రాములోనే భాగమైపోతుంది. అది 3 లాంటి అంకె అయితే ఇబ్బంది లేదు. ఏదైనా పదమైతే మాత్రం ఆక్ దాన్ని ఎవరూ విలువ ఇవ్వని వేరియబుల్‌గా భావించి ఖాళీగా తీసుకుంటుంది. పోలిక తప్పుతుంది, ఎర్రర్ మాత్రం కనిపించదు. ఇంకా ప్రమాదకరమైన సంగతి, ఆ విలువ బయటివారు ఇచ్చినదైతే, ఆక్‌లోని సిస్టమ్ ఫంక్షన్ ద్వారా వారు మీ యంత్రంలో తమకు నచ్చిన కమాండ్ నడపగలరు. నలుగురు వాడే స్క్రిప్టులో ఈ పద్ధతిని నేను ఒప్పుకోలేను.

మైనస్ వి తో పంపిన విలువ డేటాగానే ఉంటుంది, ఇన్‌పుట్ చదవకముందే నడిచే బిగిన్ (BEGIN) భాగం మొదలయ్యేలోపే సిద్ధమవుతుంది. కాలమ్ సంఖ్యను ఇలా పంపి, ఆ వేరియబుల్ ముందు డాలర్ గుర్తు పెడితే ఆ కాలమ్ చేతికొస్తుంది. కొత్తవారు తడబడేది ఇక్కడే: షెల్‌లో డాలర్ వేరియబుల్ విలువను తెస్తుంది, ఆక్‌లో ఫీల్డును, అంటే కాలమ్‌ను, తెస్తుంది.

దీనికీ ఒక మెలిక ఉంది. విలువలో బ్యాక్‌స్లాష్ పక్కన టి అక్షరం ఉంటే ఆ జంట ట్యాబ్‌గా మారిపోతుంది. అలాంటి విలువలను షెల్‌లో ఎక్స్‌పోర్ట్ చేసి, ఆక్‌లో ఎన్విరాన్ (ENVIRON) అర్రే నుంచి, అంటే ఎక్స్‌పోర్ట్ అయిన విలువలు ఉండే పట్టిక నుంచి, చదవండి. అక్షరం మారకుండా వస్తాయి.