ఆటోనగర్ షెడ్డులో టంగ్‌స్టన్ కాలిమేటర్: కొనేముందు తెలుసుకోవాల్సినవి

విజయవాడ ఆటోనగర్‌లో గామా రేడియోగ్రఫీ (వెల్డు లోపలి లోపాలు తెలిసేలా గామా కిరణాలతో ఫిల్ము తీయడం) చేయడం కష్టమయ్యేది గోడ పక్కన ఉండే మనుషుల వల్లే. మేము ప్రెజర్ వెసెల్ (ఒత్తిడి తట్టుకునే ట్యాంకు) జాయింట్లకు ఫిల్ము తీసే రాత్రుల్లో కూడా పక్క షెడ్డులో లారీ బాడీలు కడుతుంటారు. గామా కిరణాలు వెలువరించే ఇరిడియం-192 సోర్సును, అది ప్రయాణించే గొట్టమైన గైడ్ ట్యూబు చివర అలాగే వదిలితే కిరణాలు అన్ని వైపులా పోతాయి. అంత దూరం తాళ్లు కట్టి జనాన్ని ఖాళీ చేయించే చోటు ఇక్కడ లేదు. అందుకే టంగ్‌స్టన్ కాలిమేటర్ కొన్నాం. ఇది సోర్సును చుట్టూ కప్పి, కిటికీ అనే ఒక్క తెరిచిన వైపు నుంచే కిరణాలను వదిలే లోహపు దిమ్మ.

అరచేతిలో ఇమిడినా బరువైనదే. ఈ కిరణాల తీవ్రత సగానికి తగ్గాలంటే సీసం సుమారు 5 మి.మీ. కావాలి, టంగ్‌స్టన్ సుమారు 3.3 మి.మీ. చాలు. మా కాలిమేటర్ మందం దీనికి నాలుగింతలు, అంటే మూసిన వైపు తీవ్రత 16వ వంతుకు పడిపోతుంది. దూరం రెట్టింపయితే తీవ్రత నాలుగో వంతు అవుతుంది కాబట్టి, అటువైపు 80 మీటర్ల దగ్గర కట్టాల్సిన తాడు లెక్కకు 20 మీటర్లకు వస్తుంది. నేల నుంచి, గోడల నుంచి చెదిరి వచ్చే కిరణాలూ ఉంటాయి గనుక తాడు ఎక్కడ కట్టాలో చివరికి రేడియేషన్ కొలిచే సర్వే మీటరు చూసే నిర్ణయిస్తాం. కిటికీ వైపు మాత్రం దూరం ఏమీ తగ్గదు. వీలైనంతవరకు దాన్ని నేలవైపే తిప్పుతాం.

ఫిల్ములో మసక తగ్గింది. వెల్డు అడుగున సరిగ్గా అతకని చోట్లు ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తున్నాయి. నాకు బాగా నచ్చింది ఇదే.

నచ్చనిది క్లాంపు. ఆ బరువుకు ట్యూబు వంగి, కిటికీ పక్కకు తిరిగి, ఫిల్ము ఒక అంచు తెల్లగా మిగిలిపోయింది. ఫిల్ము పోతే మళ్లీ తీయవచ్చు, కానీ కిరణం అనుకోని వైపు తిరగడం ప్రమాదం. గట్టి అయస్కాంతపు స్టాండు విడిగా కొనాల్సి వచ్చింది. ఇంత ధర పెట్టినప్పుడు అది పెట్టెలోనే రావాలి.

అమ్మినతను "ఇది ఉంటే తాళ్లతో పనిలేదండీ" అన్నాడు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. కెమెరా (సోర్సును దాచి ఉంచే కవచపు పెట్టె) నుంచి బయలుదేరిన సోర్సు కాలిమేటర్‌లోకి చేరేదాకా, తిరిగి వచ్చేటప్పుడూ, ట్యూబులో దానికి ఏ కవచమూ ఉండదు. సోర్సును కేబులుతో తోసి, వెనక్కి లాగే క్రాంకు తిప్పే మా కుర్రాళ్లకు తగిలే మోతాదులో పెద్ద భాగం ఆ క్షణాలదే. అందుకే కేబులు పూర్తి పొడవునా పరిచి, గోడ చాటు నుంచే తిప్పిస్తాను.

పైపు మధ్యలో సోర్సు పెట్టి చుట్టూ ఒకేసారి ఫిల్ము తీయాలనుకునేవారికి ఇది పనికిరాదు. వారు చుట్టూ చీలిక ఉండే రకం తీసుకోవాలి.