ఎముక స్క్రూలకు బయోకంపాటిబిలిటీ పరీక్ష: మేము వెళ్లిన ల్యాబ్ పనితీరు

విరిగిన ఎముకలకు బిగించే టైటానియం స్క్రూలు తయారుచేసే ఒక చిన్న సంస్థలో నేను నాణ్యత విభాగం చూస్తున్నాను. లోహం పాతదే అయినా దాని మీద కొత్త పూత వేయడం మొదలుపెట్టడంతో, ఐఎస్‌ఓ 10993 ప్రమాణం ప్రకారం శరీరం దాన్ని ఎలా స్వీకరిస్తుందో పరీక్షించవలసి వచ్చింది. ల్యాబ్ పేరు రాయడం లేదు; మెచ్చుకోవలసినవీ ఉన్నాయి, ఫిర్యాదూ ఉంది.

మొదటిది కణాలపై విషప్రభావ పరీక్ష. స్క్రూలను పోషక ద్రవంలో 37 డిగ్రీల వద్ద 24 గంటలు నానబెట్టి, ఆ ద్రవాన్ని ఎల్929 అనే ఎలుక కణాల మీద పోస్తారు. బతికున్న కణాలు పసుపుపచ్చని ఎంటీటీ రసాయనాన్ని ఊదారంగుకు మారుస్తాయి కాబట్టి, ఆ రంగు గాఢతను కొలిచి ఎన్ని మిగిలాయో లెక్కకడతారు. 70 శాతం కన్నా తగ్గితే విషప్రభావానికి అవకాశం ఉన్నట్టే. మాకు 58 వచ్చింది.

ల్యాబ్ వాళ్లు ఆ అంకె పంపి ఊరుకోలేదు. అక్కడి శాస్త్రవేత్త మమ్మల్ని పిలిచి మైక్రోస్కోపులో చూపించారు: కదురుల్లా సాగి పాత్ర అడుగుకు అతుక్కుని ఉండవలసిన కణాలు గుండ్రంగా ముడుచుకుపోయి తేలుతున్నాయి. పూత లేని స్క్రూలదీ అదే స్థితి. "సార్, పూత సంగతి తర్వాత, ముందు మీ కడుగుడు చూసుకోండి," అన్నారు ఆమె. స్క్రూల మెలికల గాడుల్లో, లోహాన్ని కోసేటప్పుడు వాడే కటింగ్ ఆయిల్ మిగిలిపోయింది. కడిగి, ప్యాక్ చేసి, స్టెరిలైజ్ చేసిన తుది వస్తువునే పంపాలని తెలిసి కూడా, తొందరలో మెషీన్ దగ్గరి సరుకు పంపింది మేమే. రెండోసారి 91 వచ్చింది.

ఫిర్యాదు అంతా కుందేలు ఎముకలో అమర్చే పరీక్ష గురించే. పన్నెండు వారాలని కొటేషన్‌లో రాశారు, మేమూ ఆ లెక్కనే లైసెన్సు దరఖాస్తుకు తేదీ పెట్టుకున్నాం. తీరా చూస్తే అది స్క్రూ ఎముకలో ఉండే కాలం మాత్రమేనట! లోహంతో కూడిన ఎముకను మామూలు బ్లేడు కోయలేదు. రెజిన్‌లో పోతపోసి, వజ్రపు రంపంతో కోసి, పలచగా అరగదీసి, ఆపైన పాథాలజిస్టు స్లైడు చదవాలి. దానికి మరో ఏడు వారాలు పట్టింది, బిల్లూ విడిగా వచ్చింది.

కణ పరీక్షలకు మళ్లీ అక్కడికే వెళ్తాను. ఎముక పరీక్షకు మాత్రం తుది నివేదిక చేతికిచ్చే తేదీని కాగితం మీద రాయించుకున్నాకే నమూనాలు ఇస్తాను.