జాగ్రత్త: డీజిల్ హీటర్ సైలెన్సర్ వ్యాన్ లోపల ఉండకూడదు

మొన్న డిసెంబరులో లంబసింగిలో రాత్రి 2:40కి మా క్యాంపర్ వ్యాన్‌లో కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగింది. లేచి చూస్తే అలారం తెర మీద 118 పీపీఎం, అంటే పది లక్షల వంతుల గాలిలో 118 వంతులు ఆ వాయువే. అమ్మ, నా భార్య, పాప, నేను, నలుగురం డీజిల్ హీటర్ వేసి, తలుపులు బిగించుకుని లోపలే పడుకుని ఉన్నాం. పాపను లేపితే ఒక పట్టాన లేవలేదు. ఎత్తుకుని, దుప్పట్లతో మంచులోకి పరుగెత్తాం.

పడుకునే ముందే అమ్మ "తల దిమ్ముగా ఉందిరా" అంది. ఘాట్ రోడ్డు తిప్పడం వల్లేమో అనుకున్నాను. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత వస్తాయి. ఘాట్ ఎక్కినా అవే వస్తాయి కాబట్టి మనకు అనుమానం రాదు. తెల్లారాక నర్సీపట్నంలో డాక్టర్‌కు చూపించాం. అందరం క్షేమం.

పాత ట్రావెలర్ బండి కొని ఇల్లులా మార్చుకున్నాం. వచ్చే వేసవిలో లేహ్ వెళ్లాలన్నది మా కోరిక. అందుకోసం విజయవాడ ఆటోనగర్‌లో ఒక షాపులో చైనా డీజిల్ హీటర్ బిగించుకున్నాను. హీటరుకు, బిగింపుకు కలిపి 38,000 రూపాయలు. షాపు పేరు రాయడం లేదు. ఏ షాపులో బిగించినా మీరు చూసుకోవాల్సింది ఒకటే.

ఈ హీటర్లో రెండు గాలులు ఉంటాయి. ఒకటి గదిలోని గాలి, అది వేడెక్కి మళ్లీ గదిలోకే వస్తుంది. రెండోది డీజిల్ మండడానికి కావలసిన గాలి. అది బయటి నుంచే రావాలి, పొగగా మారి బయటికే పోవాలి. ఈ రెండూ ఎక్కడా కలవకూడదు. అందుకే హీటర్ అడుగున మూడు కొసలుంటాయి: పొగగొట్టానిది, గాలి పీల్చే గొట్టానిది, డీజిల్ గొట్టానిది. ఫ్లోర్‌కు కంత పెట్టి, ఇనుప ప్లేటు, గాస్కెట్ వేసి, మూడింటినీ బండి కిందికే దింపాలి.

తెల్లారి సీటు కింద హీటర్ పెట్టె తెరిచి చూస్తే, పొగగొట్టానికి చప్పుడు తగ్గించడానికి వేసే సైలెన్సర్ ఆ పెట్టెలోనే ఉంది. దాని నుంచి ఒక్క గొట్టం మాత్రం కిందికి దింపారు. క్లాంపు నా వేళ్లతోనే తిరిగింది. ప్లైవుడ్ మీద నల్లటి మసి. గాలి పీల్చే గొట్టం కూడా పెట్టెలోనే నోరు తెరుచుకుని ఉంది. చవక సైలెన్సర్లకు రేకు అతుకుల దగ్గర సందులుంటాయి, క్లాంపు సరిగా ఉన్నా పొగ కారుతుంది. గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులు మూసి పడుకున్నట్టే అయింది మా పని.

ఫిట్టర్‌ను అడిగితే "కిందైతే బురద పడుతుంది సార్, లోపలైతే ఆ వేడి కూడా వేస్ట్ అవదు" అన్నాడు. షాపాయనైతే "కిటికీ కొంచెం తీసుకుని పడుకోవాలి సార్, చెప్పాం కదా" అన్నాడు. ఆ మాట ఆయన మాకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పినా, పొగ లోపలికి వచ్చే హీటరుకు కిటికీ తీయడం మందు కాదు. డబ్బు తిరిగి ఇవ్వలేదు. నాకు డబ్బు గురించి కన్నా, అదే ఫిట్టర్ ఇంకొకరి బండికి ఇలాగే బిగిస్తాడేమోనన్నదే టెన్షన్.

తరువాత మిగతా పని కూడా విప్పి చూశాను. హీటర్ అంటుకునేటప్పుడు, డీజిల్‌ను మండించే గ్లో ప్లగ్ వేడెక్కడానికి కొన్ని నిమిషాలపాటు పది ఆంపియర్ల దాకా లాగుతుంది. వాళ్లు వేసింది సన్నటి 1.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) వైరు. బ్యాటరీ నుంచి ఐదు మీటర్లు వెళ్లి, ఐదు మీటర్లు తిరిగి రావాలి. అంత వైరులో ఒక వోల్టుకు పైగా పోతుంది. చలి రాత్రి బ్యాటరీ దిగినప్పుడు హీటర్ అంటుకోక ఎర్రర్ చూపించేది అందుకే. పైగా కరెంటు వైరుకు ఒక స్విచ్ పెట్టి, "దీంతో ఆపేయండి సార్" అన్నారు. అలా ఎప్పుడూ చేయకండి. హీటర్‌ను దాని కంట్రోలర్‌తోనే ఆపాలి. ఆ తరువాత ఫ్యాన్ కొన్ని నిమిషాలు తిరిగి లోపలి వేడిని చల్లారుస్తుంది. మధ్యలో కరెంటు తీసేస్తే ఆ వేడికి లోపలి భాగాలు పాడవుతాయి.

డబ్బా మీద 8 కిలోవాట్లని ఉంది. లీటరు డీజిల్లో దాదాపు 10 కిలోవాట్ అవర్ల వేడి ఉంటుంది. అంటే 8 కిలోవాట్ల హీటర్ గంటకు కనీసం 800 మిల్లీలీటర్లు తాగాలి. ఆరుబయట ఫుల్లులో పెట్టి కొలిస్తే అర లీటరు తాగింది. అంటే అది 5 కిలోవాట్లదే. అసలు మా బండికి 2 కిలోవాట్లదే చాలు. చిన్న గదికి పెద్ద హీటర్ పెడితే ఎప్పుడూ సిమ్‌లోనే నడుస్తుంది, లోపల మసి పట్టి కొన్నాళ్లకు ఆగిపోతుంది.

కొండల సంగతి వేరు. లేహ్ 3,500 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ గాలి పీడనం మన దగ్గర ఉండేదాంట్లో మూడింట రెండు వంతులే. హీటర్ డీజిల్ పంపు మాత్రం ఇక్కడ పోసినంత డీజిలే పోస్తుంది. గాలి చాలక పొగ, మసి. ఎత్తుకు తగ్గట్టు డీజిల్ తగ్గించే ఏర్పాటు ఉందా అని కొనేటప్పుడే అడగండి. "లద్దాఖ్‌లో కూడా పనిచేస్తుంది సార్" అన్న మాట నమ్మకండి, ఆ సెట్టింగ్ తెర మీద చూపించమనండి.

అలారం విషయం. నేను కొన్నది ఈఎన్ 50291 అనే యూరప్ ప్రమాణానిది. క్యాంపర్ వ్యాన్లకైతే దాని రెండో భాగం, ఈఎన్ 50291-2 అని రాసి ఉన్నది తీసుకోండి. 50 పీపీఎం దగ్గర ఈ అలారం మోగడానికి గంటకు పైగా పడుతుంది, 100 దగ్గర 10 నుంచి 40 నిమిషాలు. కాబట్టి మోగలేదని నిశ్చింతగా ఉండకండి, అంకె చూపించేదే కొనండి. సున్నా కాకుండా ఏ అంకె కనిపించినా హీటర్ ఆపి బయటికి వచ్చేయండి.

ఇప్పుడు ఇంకో మెకానిక్ దగ్గర ఫ్లోర్‌కు కంత పెట్టించి, పొగగొట్టాన్ని బండి కిందే నడిపించి, తలుపుకూ కిటికీకీ దూరంగా పక్కకు తీయిస్తున్నాను. గొట్టంలో నీళ్లు నిలవకుండా చివర కిందికి వాలి ఉండాలి. గాలి పీల్చే గొట్టం దానికి దూరంగా, అదీ కిందే. పని జరుగుతున్నంతసేపూ పక్కనే నిలబడుతున్నాను.

మీ బండికి ఇప్పటికే బిగించి ఉంటే ఈ రోజే సీటు కింద పెట్టె తెరవండి. సైలెన్సర్ గానీ, మసి గానీ కనిపిస్తే, ఆ పని మళ్లీ చేయించేదాకా హీటర్ వేయకండి.